ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్: డిటెక్టర్ ఎంచుకోవడం, బిగించడం, మోగితే చేయాల్సింది

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు. పొగతో కలిసి వస్తే పొగను చూసి బయటికి పరుగెత్తుతాం. ఒక్కటే వస్తే వచ్చిన సంగతే తెలియదు. పైగా ఇది ఒంట్లోకి చేరాక ముందుగా మందగించే వాటిలో ఆలోచన ఒకటి. తలనొప్పిగా ఉందని కాసేపు నడుం వాల్చిన మనిషికి, ఆ నొప్పి ఎందుకొచ్చిందో ఆరా తీసే తెలివి అప్పటికే సగం పోయి ఉంటుంది. అందుకే ఈ వాయువు విషయంలో నిర్ణయాలన్నీ బుర్ర సరిగా పనిచేస్తున్నప్పుడే తీసుకోవాలి. డిటెక్టర్ ఎక్కడ పెట్టాలో, అది మోగితే ఎవరు ఎవరిని లేపాలో, బయట ఎక్కడ నిలబడాలో ముందే తేల్చుకుని ఉండాలి.

ఎక్కడ పుడుతుంది

గ్యాస్, పెట్రోలు, డీజిలు, కిరోసిన్, కట్టెలు, బొగ్గు, ఇలా కార్బన్ ఉన్న ఏ ఇంధనమైనా చాలినంత ఆక్సిజన్ దొరక్క అరకొరగా కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. చాలినంత అంటే ఎంతో తెలిస్తే గాలి ఆడటం ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. సిలిండర్ గ్యాస్‌లో ఉండే ప్రొపేన్ వాయువు ఒక లీటరు పూర్తిగా కాలాలంటే సుమారు 24 లీటర్ల గాలి కావాలి. అందులోనే ఉండే బ్యూటేన్‌కు సుమారు 31 లీటర్లు. పైపులో వచ్చే సహజ వాయువులోని మీథేన్‌కు దాదాపు 10 లీటర్లు.

చిన్న గదిలో తలుపులు బిగించి బర్నర్ వెలిగిస్తే మొదటి కొన్ని నిమిషాలు ఏమీ కాదు. తర్వాత గదిలో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది. బర్నర్ తాను వదిలిన గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. అక్కడి నుంచి మంట నాణ్యత పడిపోయి, కార్బన్ మోనాక్సైడ్ ఒక్కసారిగా పెరుగుతుంది. ఐదు నిమిషాలు వాడితే ఏ ఇబ్బందీ లేని గ్యాస్ గీజర్ ఇరవై నిమిషాలు వాడినప్పుడు ప్రాణం మీదికి తెచ్చేది ఇందుకే. "ఇన్నాళ్లుగా వాడుతున్నాం, ఏమీ కాలేదు" అన్న మాటకు ఇక్కడ విలువ లేదు. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య తేడా చలికి మూసిన ఒక్క కిటికీ కావచ్చు.

ఇంట్లో చూసుకోవాల్సినవి ఇవి: పొగగొట్టం లేని గ్యాస్ గీజర్లు, గ్యాస్ లేదా కిరోసిన్ రూమ్ హీటర్లు, బాయిలర్లు, కట్టెల పొయ్యిలు, బొగ్గుల కుంపట్లు, జనరేటర్లు, ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజీలో కారు. కరెంటుతో నడిచే హీటరు, గీజరు, ఇండక్షన్ పొయ్యి దీన్ని వదలవు, వాటిలో ఇంధనం కాలదు కాబట్టి.

వీటిలో రెండింటి గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి. మొదటిది బొగ్గు. నిప్పులు కణకణలాడుతూ, పొగ పూర్తిగా ఆగిపోయాక కుంపటిని లోపలికి తెచ్చుకోవచ్చని చాలామంది అనుకుంటారు. నిజానికి పొగ లేని ఎర్రటి నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ ధారాళంగా వస్తుంది. కింద పుట్టిన కార్బన్ డయాక్సైడ్ పైనున్న ఎర్రటి బొగ్గును తాకుతూ వెళ్లేటప్పుడు మళ్లీ మోనాక్సైడ్‌గా మారుతుంది. పొగ ఆగడం మసి, తేమ పోయాయనడానికి గుర్తు. విషం పోయిందనడానికి కాదు. చలి కాచుకోవడానికైనా, వంటకైనా బొగ్గుల కుంపటి గదిలోకి, గుడారంలోకి, గ్యారేజీలోకి రాకూడదు. కిటికీ కొంచెం తెరిచి పెట్టామన్నది కూడా సరిపోదు. బూడిద కప్పి పెట్టిన నిప్పులు కూడా గంటల తరబడి వదులుతూనే ఉంటాయి.

రెండోది జనరేటర్. చిన్న పోర్టబుల్ పెట్రోల్ జనరేటర్ ఒక్కటి వందలాది కార్లు వదిలేంత కార్బన్ మోనాక్సైడ్ వదలగలదని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ఏళ్లుగా హెచ్చరిస్తోంది. దాన్ని బాల్కనీలో, వరండాలో, మెట్ల కింద, తలుపు తీసిన గ్యారేజీలో నడపకూడదు. ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, సైలెన్సర్ మూతి ఇంటికి ఎదురుగా కాకుండా అవతలివైపు ఉండేలా పెట్టాలి. ఆ వైపు ఉన్న కిటికీలు, వెంటిలేటర్లు మూసేయాలి. కారు సంగతీ అంతే. గ్యారేజీ తలుపు బార్లా తెరిచి ఉన్నా ఇంజన్‌ను లోపల నడుస్తూ వదలకూడదు. తాళంచెవి తిప్పే పనిలేని బటన్ కార్లతో ఇంకో చిక్కు ఉంది: చప్పుడు లేక ఇంజన్ ఆగిందనుకుని లోపలికి వెళ్లిపోతారు. దిగే ముందు డాష్‌బోర్డు ఆరిందో లేదో చూడటం అలవాటు చేసుకోవాలి.

మీ ఇంట్లో వెలిగేదేదీ లేకపోయినా పక్కింటి నుంచి రావచ్చు. జిప్సం బోర్డు గోడల గుండా ఈ వాయువు చొచ్చుకు రాగలదు. గోడల్లో వేసిన పైపుల సందులు, ఉమ్మడి పొగగొట్టాలు సరేసరి.

మంట, మసి, తేమ: పరికరం ఇచ్చే ఆనవాళ్లు

గ్యాస్ బర్నర్ మంట నీలంగా, కుదురుగా ఉండాలి. పసుపు లేదా నారింజ రంగులో బద్ధకంగా ఊగుతుంటే గాలి చాలడం లేదు, లేదా బర్నర్ రంధ్రాలు పూడుకున్నాయి. పరికరం పైన, పక్క గోడ మీద నల్లటి మసి, గోధుమరంగు మరకలు, ఎప్పుడూ లేనిది కిటికీ అద్దాలకు తేమ పట్టడం, పైలట్ మంట (బర్నర్‌ను అంటించడానికి చిన్నగా వెలుగుతూ ఉండే మంట) మాటిమాటికీ ఆరిపోవడం కూడా అలాంటి ఆనవాళ్లే. ఏది కనిపించినా వాడటం ఆపి మెకానిక్‌ను పిలవాలి. ఒక మాట గుర్తుంచుకోండి: మంట నీలంగా ఉన్నంత మాత్రాన క్షేమమని కాదు. బర్నర్ బాగానే ఉండి పొగగొట్టంలో పక్షి గూడు అడ్డుపడినా గదిలోకే వస్తుంది.

గ్యాస్ గీజర్ స్నానాల గదిలో ఉంటే దాన్ని బయటికి మార్చడమే అసలు పరిష్కారం. పొగగొట్టం నేరుగా బయటి గాలిలోకి తెరుచుకోవాలి. మంట మండే అర పూర్తిగా మూసి ఉండి, దహనానికి కావాల్సిన గాలిని కూడా బయటి నుంచే తీసుకునే రకం గీజర్ ఇంకా మేలు. మార్చే వరకు తలుపు తీసి ఉంచి నీళ్లు పట్టుకోండి, గీజర్ కట్టేయండి, గది గాలి పూర్తిగా మారాకే స్నానానికి వెళ్లండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందికదా అని ధీమా వద్దు. పొగగొట్టం ఉన్న గీజర్ పక్కన బలమైన ఫ్యాన్ తిరిగితే, గదిలోకి వేరే గాలి రావడానికి దారి లేనప్పుడు, పొగగొట్టంలోంచి పైకి పోవాల్సిన గాలినే వెనక్కి లాగుతుంది.

ఒంట్లో జరిగేది

రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు కార్బన్ మోనాక్సైడ్ అంటే ఆక్సిజన్ కన్నా 200 నుంచి 250 రెట్లు ఎక్కువ మక్కువ. అందుకే గాలిలో కొద్దిగా ఉన్నా రక్తంలో పేరుకుపోతుంది. వదిలి వెళ్లడం మాత్రం నెమ్మది. మామూలు గాలి పీలిస్తే రక్తంలో ఉన్నది సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర.

ఇక్కడ పట్టుకోవాల్సిన అసలు సూత్రం: ప్రమాదం గాలిలోని మోతాదు మీదా, దాన్ని పీల్చిన సమయం మీదా, రెండింటి మీదా ఆధారపడుతుంది. మోతాదును పీపీఎంలో కొలుస్తారు, అంటే పది లక్షల పాళ్ల గాలిలో ఎన్ని పాళ్లు ఉన్నదనే లెక్క. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు స్థూలంగా ఇలా ఉంటుంది:

- 200 పీపీఎం: రెండు మూడు గంటల్లో తలనొప్పి, నీరసం, వికారం.
- 400 పీపీఎం: ఒకటి రెండు గంటల్లో నుదుటి దగ్గర గట్టి తలనొప్పి, మూడు గంటలు దాటితే ప్రాణాపాయం.
- 800 పీపీఎం: 45 నిమిషాల్లో తల తిరగడం, వికారం. రెండు మూడు గంటల్లో మరణం.
- 1,600 పీపీఎం: 20 నిమిషాల్లో తలనొప్పి, వికారం. గంటలోపు మరణం.
- 6,400 పీపీఎం: ఒకటి రెండు నిమిషాల్లోనే తల తిరుగుతుంది, పది పదిహేను నిమిషాల్లో మరణం.

పసిపిల్లలకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు, రక్తహీనత ఉన్నవాళ్లకు ఇంత సమయం ఉండదు. గర్భిణి విషయంలో తల్లి తేరుకున్నా కడుపులో బిడ్డ రక్తం నుంచి ఇది ఆలస్యంగా వదులుతుంది.

లక్షణాలు ఫ్లూ లాగే ఉంటాయి, జ్వరం మాత్రం ఉండదు. అనుమానం కలగాల్సింది లక్షణాల తీరును బట్టి. ఇంట్లో ఒకరికి మించి ఒకేసారి తలనొప్పి, వికారం రావడం, బయటికి వెళ్తే తగ్గి తిరిగొస్తే మళ్లీ మొదలవడం, పెంపుడు జంతువులు మందకొడిగా పడి ఉండటం, గీజరో హీటరో వెలిగించిన రోజుల్లోనే ఇలా జరగడం. వీటిలో రెండు కలిసినా మాత్రలు వేసుకుని పడుకోవద్దు, బయటికి వచ్చేయండి. చర్మం ఎర్రబడుతుందేమోనని చూస్తూ కూర్చోవద్దు. అది చాలా అరుదు, కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

వేలికి పెట్టుకునే పల్స్ ఆక్సీమీటర్‌ను ఈ విషయంలో అస్సలు నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్‌గానే లెక్కేస్తుంది. ప్రాణాపాయంలో ఉన్న మనిషికీ 98 చూపించగలదు.

డిటెక్టర్ ఎప్పుడు మోగుతుంది, ఎప్పుడు మోగదు

డిటెక్టర్ పొగ అలారం లాంటిది కాదు. వాయువు తగలగానే మోగేలా దాన్ని తయారుచేయరు. మోతాదు, సమయం రెండూ చూసి, ఒంటికి హాని జరిగే ముందు మోగేలా లెక్క పెట్టి ఉంటుంది. ఆ లెక్కలు ప్రమాణాల్లో రాసి ఉన్నాయి.

యూరప్‌లో వాడే ఈఎన్ 50291 ప్రమాణం ప్రకారం 30 పీపీఎం దగ్గర రెండు గంటల లోపు మోగకూడదు. 50 పీపీఎం ఉంటే 60 నుంచి 90 నిమిషాల మధ్య, 100 పీపీఎం ఉంటే 10 నుంచి 40 నిమిషాల మధ్య మోగాలి. 300 పీపీఎం ఉంటే 3 నిమిషాల్లోపే మోగాలి. అమెరికాలో వాడే యూఎల్ 2034 ప్రకారం 70 పీపీఎంకు ఒకటి నుంచి నాలుగు గంటల మధ్య, 150 పీపీఎంకు 10 నుంచి 50 నిమిషాల మధ్య, 400 పీపీఎంకు 4 నుంచి 15 నిమిషాల మధ్య మోగాలి. 30 పీపీఎం ఉంటే నెల రోజులైనా మోగకూడదు.

అంటే డిటెక్టర్ మౌనంగా ఉందంటే ఇప్పటికిప్పుడు ప్రాణాపాయం లేదని అర్థం, గాలి శుభ్రంగా ఉందని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటి గాలికి 2010లో సూచించిన పరిమితి 8 గంటల సగటున ఘనపు మీటరుకు 10 మిల్లీగ్రాములు, అంటే సుమారు 9 పీపీఎం. మామూలు అలారం అంత తక్కువ దగ్గర నోరు తెరవదు. గర్భిణులు, పసిపిల్లలు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఉన్న ఇంట్లో అంకె చూపించే తెర ఉన్న డిటెక్టర్ కొనమనేది ఇందుకే. రోజూ తెర మీద 15, 20 కనిపిస్తుంటే, అలారం మోగకపోయినా ఇంట్లో ఏదో సరిగా కాలడం లేదన్నమాట.

కొనేటప్పుడు

ముందు ఒక పొరపాటు నుంచి బయటపడాలి. గ్యాస్ లీక్ డిటెక్టర్ వేరు, పొగ అలారం వేరు, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ వేరు. ఒకటి మరోదాని పని చేయదు. సిలిండర్ గ్యాస్ కారితే కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ ఊరుకుంటుంది. గీజర్ విషం కక్కుతుంటే లీక్ డిటెక్టర్ ఊరుకుంటుంది. పెట్టె మీద బొమ్మ చూసి కాకుండా కార్బన్ మోనాక్సైడ్ అన్న పేరు చదివి కొనండి.

సెన్సర్ ఎలక్ట్రోకెమికల్ రకం (వాయువు తగిలితే రసాయన చర్యతో పుట్టే కరెంటును కొలిచేది) అయితే మంచిది. బ్యాటరీ తక్కువ తింటుంది, కొలత నమ్మకంగా ఉంటుంది. పైన చెప్పిన ప్రమాణాల్లో ఏదో ఒకదాని గుర్తు, దాన్ని పరీక్షించిన సంస్థ ముద్ర పరికరం వెనుక అచ్చు వేసి ఉండాలి. ఏ ప్రమాణం పేరూ లేకుండా అతి చవకగా దొరికేవాటిని వదిలేయండి. వాటిలో కొన్ని టెస్ట్ బటన్ నొక్కితే గట్టిగా మోగుతాయి, కార్బన్ మోనాక్సైడ్ తగిలితే మోగవు. వాయువు తగిలితే రంగు మారే అట్టముక్కలు కూడా వద్దు. నిద్రలో ఉన్న మనిషిని రంగు లేపలేదు.

తయారీ తేదీ చూడండి. ఈ సెన్సర్లకు ఆయుష్షు ఉంది, మోడల్‌ను బట్టి 5 నుంచి 10 ఏళ్లు. పెట్టెలో మూల పడి ఉన్నా వయసు పెరుగుతూనే ఉంటుంది, కాబట్టి మూడేళ్ల క్రితం తయారైంది చవకగా ఇస్తున్నా లాభం లేదు. బ్యాటరీ మార్చే పనిలేని సీల్ చేసిన రకం సౌకర్యం. కరెంటుకు తగిలించే రకమైతే లోపల బ్యాటరీ కూడా ఉండి తీరాలి, ఎందుకంటే జనరేటర్లు, కుంపట్లు బయటికి వచ్చేది కరెంటు పోయినప్పుడే. గరిష్ఠ స్థాయిని గుర్తుపెట్టుకునే సౌకర్యం ఉంటే కొంచెం ఎక్కువ పెట్టినా ఫరవాలేదు. మీరు లేనప్పుడు ఎంతవరకు వెళ్లిందో ఆ అంకె చెబుతుంది.

ఎక్కడ, ఎంత ఎత్తులో

"ఈ వాయువు బరువైనది, నేల దగ్గర పెట్టాలి" అని కొందరు, "తేలికైనది, పైకప్పుకే పెట్టాలి" అని కొందరు చెబుతారు. దీని అణుభారం 28, గాలి సగటు 29. ఇంచుమించు ఒకే బరువు, కాబట్టి గదంతా కలిసిపోతుంది. నేల దగ్గర పెట్టాల్సింది సిలిండర్ గ్యాస్ లీక్ డిటెక్టర్. ఆ సలహా దీనికి ఎవరో అతికించారు.

మొదటి డిటెక్టర్ పడక గదుల దగ్గర పెట్టండి, నిద్రలో ఉన్నవాళ్లకు వినబడేలా. తలుపులు మూసి పడుకునే ఇంట్లో ప్రతి పడక గదిలో ఒకటి ఉంటే మంచిది. తర్వాత ప్రతి అంతస్తులో ఒకటి. ఆ తర్వాత గీజరో, బాయిలరో, హీటరో ఉన్న ప్రతి గదిలో ఒకటి. ఒకటే కొనగలిగితే అది పడక దగ్గరే ఉండాలి. మెలకువగా ఉన్న మనిషికి కనీసం తలనొప్పి తెలుస్తుంది, నిద్రలో ఉన్నవాడికి అదీ తెలియదు.

పడక గదిలో ఊపిరి పీల్చే ఎత్తులో, అంటే మంచం మీద తల ఉండే ఎత్తుకు దగ్గరలో పెట్టాలి. మంట వెలిగే పరికరం ఉన్న గదిలో మాత్రం పైన పెట్టాలి, వేడిగాలితో కలిసి ముందు పైకే వెళ్తుంది కాబట్టి. గోడకైతే పైకప్పుకు 15 సెంటీమీటర్లు కిందగా, తలుపు, కిటికీ పై అంచుల కన్నా ఎత్తులో పెట్టండి. పైకప్పుకైతే ఏ గోడకైనా 30 సెంటీమీటర్లు ఎడంగా ఉండాలి. పరికరం నుంచి పక్కకు 1 నుంచి 3 మీటర్ల దూరం ఉండాలి. మరీ దగ్గరైతే వెలిగించిన ప్రతిసారీ వచ్చే కొద్దిపాటి వాయువుకు అనవసరంగా మోగుతుంది, నాలుగుసార్లు అలా మోగాక ఇంట్లో ఎవరో ఒకరు బ్యాటరీ పీకేస్తారు. పొగనూ దీన్నీ కలిపి పసిగట్టే డిటెక్టర్ అయితే పైకప్పుకే. మీ మోడల్ పుస్తకంలో వేరే ఎత్తు చెబితే దాన్నే పాటించండి.

పెట్టకూడని చోట్లు: అల్మారా లోపల, కర్టెన్ వెనుక, ఫ్యాన్ లేదా ఏసీ గాలి నేరుగా కొట్టే చోట, కిటికీ పక్కన, పొయ్యి మీదుగా, ఎండ పడే చోట. స్నానాల గదిలోనూ వద్దు, ఆవిరికి సెన్సర్ పాడవుతుంది. మరి గీజర్ లోపలే ఉంటే? బయట తలుపు పక్కన పెట్టిన డిటెక్టర్ మూసిన తలుపు వెనుక ఉన్న మనిషిని వేళకు కాపాడలేదు. గీజర్‌ను బయటికి మార్చమని ముందు గట్టిగా చెప్పింది ఈ కారణంతోనే.

ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన కూడా పెట్టకండి. లెడ్ యాసిడ్ బ్యాటరీలు చార్జ్ అయ్యేటప్పుడు వదిలే హైడ్రోజన్‌ను ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ కార్బన్ మోనాక్సైడ్‌గా పొరబడుతుంది.

బిగించడం

1. బ్యాటరీ ట్యాబ్ లాగండి లేదా బ్యాటరీలు వేయండి. పుస్తకంలో చెప్పిన రకమే వాడండి.
2. కొద్ది నిమిషాలు ఆగాక టెస్ట్ బటన్ నొక్కి పట్టుకోండి. నాలుగు బీప్‌లు, విరామం, మళ్లీ నాలుగు బీప్‌లు వినిపించాలి.
3. పడక గది తలుపు మూసి, ఇంకొకరిని బయట బటన్ నొక్కమనండి. లోపల మంచం దగ్గర గట్టిగా వినబడకపోతే చోటు మార్చండి, లేదా ఒకటి మోగితే అన్నీ మోగేలా అనుసంధానమయ్యే రకం తీసుకోండి.
4. వెనుక పలకను గోడకు ఆనించి పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. లోపల కరెంటు తీగలు, పైపులు లేని చోటు చూసుకుని డ్రిల్ చేయండి. దుమ్మంతా తుడిచాకే డిటెక్టర్‌ను తగిలించండి, సిమెంటు దుమ్ము గాలి రంధ్రాలను పూడ్చేస్తుంది.
5. బిగించిన తేదీ, మార్చాల్సిన సంవత్సరం ముందువైపే మార్కర్‌తో రాయండి. వెనుక రాస్తే ఎవరూ చూడరు.

ఇంట్లో అందరికీ మోతలు గుర్తుపట్టడం నేర్పండి. నాలుగేసి బీప్‌లు కార్బన్ మోనాక్సైడ్, మూడేసి బీప్‌లు పొగ. నిమిషానికోసారి ఒక్క కూత వస్తే బ్యాటరీ అయిపోతోంది, లేదా సెన్సర్ ఆయుష్షు తీరింది. కొత్త బ్యాటరీ వేశాక కూడా కూస్తుంటే ఆయుష్షు తీరినట్టే, పరికరం మార్చాలి.

నెలనెలా చూసుకోవాల్సినవి

నెలకోసారి బటన్ నొక్కండి. ఈ పరీక్ష బ్యాటరీని, సర్క్యూట్‌ను, హారన్‌ను చూస్తుంది. సెన్సర్ బతికుందో లేదో సాధారణంగా చెప్పదు. అందుకే గడువు తేదీకి అంత పట్టింపు. సెన్సర్‌ను నిజంగా పరీక్షించాలంటే దానికోసం తయారుచేసిన టెస్ట్ గ్యాస్ డబ్బా ఉంటుంది. కారు సైలెన్సర్ దగ్గర పట్టి చూడటం మాత్రం చేయకండి. మోతాదు హద్దు మీరి, మసి పట్టి, బాగున్న సెన్సర్ కూడా చెడుతుంది.

మూడు నెలలకోసారి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. స్ప్రేలు, ఫినాయిలు, సబ్బు నీళ్లు తగలనివ్వకండి. గోడలకు రంగులు, తలుపులకు వార్నిష్ వేయించేటప్పుడు డిటెక్టర్‌ను తీసి వేరే చోట పెట్టి, వాసన పోయాక తిరిగి తగిలించండి. ఆ ఆవిర్లకు అది ఊరికే మోగుతుంది, కొన్నిసార్లు శాశ్వతంగా మొద్దుబారుతుంది. తిరిగి తగిలించడం మరిచిపోవడమే ఇందులో తరచూ జరిగే తప్పు. తీసిన చోట గోడకు ఒక కాగితం అంటించి ఉంచండి.

మోగితే

నాలుగేసి బీప్‌లు వస్తే నిజమనే అనుకోండి. "ఎవరికీ తలనొప్పి లేదు కదా" అని తర్కించవద్దు. అలారం ఉన్నది తలనొప్పి రాకముందే చెప్పడానికి.

అందరినీ లేపి బయటికి తీసుకెళ్లండి. దారిలో చేతికందితే వెలుగుతున్న గీజరో హీటరో ఆపండి, కిటికీ తెరవండి. దానికోసం ఒక్క నిమిషం కూడా లోపల ఉండవద్దు. బయట తలలు లెక్కపెట్టండి. తర్వాత అత్యవసర నంబరుకు ఫోన్ చేసి కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగిందని ఆ పేరుతోనే చెప్పండి. ఎవరికి ఏ లక్షణాలున్నాయో చెప్పండి. ఎవరైనా లోపల పడిపోయి ఉంటే ఊపిరి బిగపట్టి వెళ్లి తెచ్చేస్తామనుకోవద్దు. ఎక్కువ మోతాదు ఉన్న గదిలో ఒకటి రెండు నిమిషాల్లో రక్షించబోయినవాళ్లూ పడిపోతారు. బయటి నుంచి అందే తలుపులు, కిటికీలు తెరిచి, శ్వాస పరికరాలున్న అగ్నిమాపక సిబ్బంది కోసం ఆగండి. బయటికి తెచ్చిన మనిషి ఊపిరి తీసుకోకపోతే వెంటనే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ చేసే ప్రథమ చికిత్స) మొదలుపెట్టండి.

తలుపులన్నీ తెరిచాక అలారం ఆగిపోతుంది. అది సమస్య తీరిందని కాదు, గాలి మారిందని. తలుపులు మూసి అదే హీటర్ వెలిగిస్తే మళ్లీ మొదలవుతుంది. నిశ్శబ్దం చేసే బటన్ నొక్కి పడుకోవడం అన్నిటికన్నా ప్రమాదకరం. కారణం దొరికే వరకు ఇంధనంతో నడిచే ఏ పరికరమూ వెలిగించవద్దు.

కారణం వెతకడం

మెకానిక్ వచ్చేసరికి ఇల్లంతా గాలి ఆడి, పరికరాలు చల్లారి, అన్నీ బాగానే కనిపిస్తాయి. అందుకే ఒక కాగితం మీద రాసి ఉంచండి: ఎన్ని గంటలకు మోగింది, తెర మీద గరిష్ఠంగా ఎంత ఉంది, అప్పుడు ఏయే పరికరాలు ఎంతసేపటి నుంచి నడుస్తున్నాయి, ఏ కిటికీలు మూసి ఉన్నాయి, ఏ ఫ్యాన్లు తిరుగుతున్నాయి. పొగగొట్టం ఊడిందా, వంగిందా, పైన గూడు ఉందా, బర్నర్‌లో దుమ్ము, సాలెగూడు ఉన్నాయా అన్నది ముందుగా చూడాల్సినవి. చుట్టుపక్కల అలారాలు మోగాయేమో కూడా అడగండి.

పొగగొట్టం సరిగా లాగుతోందో లేదో మెకానిక్ ఇలా చూడాలి. తలుపులు, కిటికీలు మూసి, ఇంట్లోని ఎగ్జాస్ట్ ఫ్యాన్లన్నీ వేసి, పరికరాన్ని ఐదు నిమిషాలు వెలిగించాలి. గొట్టం మొదట్లో గాలి లోపలికి వెళ్లే అంచు దగ్గర సన్నటి పొగ పట్టాలి. పొగ లోపలికి లాగబడితే సరే. తిరిగి మొహం మీదికి వస్తే వెంటనే ఆర్పి తలుపులు తీయాలి. ఫ్యాన్లు ఆపినప్పుడు బాగుండి, వేస్తే వెనక్కి వస్తుంటే లోపం గొట్టానిది కాదు, గదిలోకి గాలి వచ్చే దారి చాలడం లేదు. ఎనలైజర్ మీటర్‌తో పొగగొట్టంలోని వాయువును కొలిచి అంకె రాసివ్వమని అడగండి. మంట రంగు చూసి బాగుందని చెప్పి వెళ్లిపోతే ఆ పని పూర్తికానట్టే.

ఆస్పత్రిలో, ఆ తర్వాత

లక్షణాలున్న ప్రతి ఒక్కరూ, గర్భిణులైతే లక్షణాలు లేకపోయినా, డాక్టర్‌కు చూపించుకోవాలి. వెళ్లగానే కార్బాక్సీ హిమోగ్లోబిన్ (కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్) రక్త పరీక్ష గురించి అడగండి. గంటలు గడిచేకొద్దీ, ఆక్సిజన్ పెట్టేకొద్దీ ఆ అంకె తగ్గిపోతుంది కాబట్టి రక్తం ఎప్పుడు తీశారో, బయటికి వచ్చి ఎంతసేపైందో డాక్టర్‌కు చెప్పండి. అలారం గరిష్ఠ అంకె ఫోటో తీసి ఉంటే అది చూపించండి. స్పృహ తప్పినవాళ్లకు, గర్భిణులకు, ఛాతీ నొప్పి ఉన్నవాళ్లకు గాలి పీడనం పెంచిన గదిలో ఆక్సిజన్ ఇచ్చే చికిత్స అవసరమో కాదో నిపుణులు చూస్తారు.

ఇంటికి వచ్చాక కూడా కొన్ని వారాలు గమనిస్తూ ఉండాలి. పూర్తిగా కోలుకున్నట్టు కనిపించినవాళ్లలో కొందరికి రోజుల తర్వాత, వారాల తర్వాత మతిమరుపు, చిరాకు, నడకలో తడబాటు, ఏకాగ్రత లేకపోవడం మొదలవుతాయి. వాటిని అలసట అనుకుని వదిలేస్తారు, కొత్త డాక్టర్‌కు పాత సంగతి చెప్పరు. ఏ తేదీన, ఎంతసేపు, ఎంత మోతాదులో ఆ గాలి పీల్చారో రాసిన కాగితాన్ని ఆస్పత్రి ఫైలులోనే పెట్టి, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందుగా దాన్ని చేతికివ్వండి.